ఎడమవైపు సీటు

అమెరికాలో తెలుగువాళ్ళు అనగానే ఇవాళ అందరికీ ప్లేనోలో పెద్ద ఇళ్ళూ, ఆష్‌బర్న్‌లో కంప్యూటర్ ఉద్యోగాలూ గుర్తొస్తాయి. తప్పు లేదు, కళ్ళముందున్నదే కదా కనబడేది. కానీ ఆ ఊళ్ళల్లో సగం ఇంకా బీళ్ళుగా ఉన్న రోజుల్లోనే, దేశానికి ఉత్తరపు కొసన న్యూ హాంప్‌షైర్ కొండల్లో, ఒక నెల్లూరు జిల్లా ఆడమనిషి తలకి రుమాలు బిగించి, పార పట్టుకుని, ఆవిరి ఇంజను పొయ్యిలో బొగ్గు వేసింది. ఆమె పేరు దేవకుమారి. చదివింది నర్సు చదువు, చేసేది ఆసుపత్రి ఉద్యోగం. బొగ్గు పని ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు ఎవరూ జీతమూ ఇవ్వలేదు.

నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, డెబ్బైల మొదట్లో భర్త ఆమోసుతో కలిసి ఆ కొండ ఊరికి వచ్చింది. ఊరి పేరు హార్లన్ నాచ్. నాచ్ అంటే అక్కడివాళ్ళ భాషలో కనుమ. ఒక ఆసుపత్రి, ఒక కాగితం మిల్లు, రెండు చర్చిలు, ఏడాదిలో సగం మంచు. ఆమోసు అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. కూతురు లూసీ అక్కడే పుట్టింది. చుట్టుపక్కల ఎక్కడా మరో తెలుగు గడప లేదు. నెలకొకసారి బోస్టన్ దాకా డ్రైవ్ చేసుకుపోయి, తెలుగు ప్రార్థన కూటంలో నోరారా మాట్లాడుకుని, బియ్యం మూటా పచ్చడి సీసాలూ కారులో వేసుకుని తిరిగొచ్చేవాళ్ళు.

డెబ్బై ఏడు వేసవిలో ఒకరోజు దేవకుమారి పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. కొండ మలుపులోంచి కూత వినబడింది. డీజిలు బండి వేసే బొంగురు అరుపు కాదు, ఆవిరి ఇంజను కూత. ఆరేస్తున్న దుప్పటి సగం తీగ మీద, సగం గడ్డి మీద వదిలేసి, చెప్పులతోనే కారెక్కి రైలు యార్డుకి పోయింది. అక్కడ నల్లటి ఇంజనొకటి బుసకొడుతూ నిలబడి ఉంది. బొగ్గు పొగ, కాగిన నూనె, తడిసిన బూడిద. ఆ వాసన తగలగానే ఆమెకి ఏడుపొచ్చింది. వాళ్ళ నాన్న చొక్కా వాసన అది.

ఆ నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో గూడ్సు డ్రైవరు. బిట్రగుంటంటే అప్పట్లో ఊరు కాదు, ఇంజన్ల కొట్టం. పిల్లలు కోడికూతకి కాదు, ఇంజను కూతకి లేచేవాళ్ళు. రైల్వే క్వార్టర్సులో ఉతికిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగు తిరిగేది. దేవకుమారి నాన్నకి క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళేది, ఇంజన్లని పేరుపేరునా పలకరించినట్టు వాటి నంబర్లు చదువుకుంటూ తిరిగేది. ఎనిమిదేళ్ళప్పుడు, నాన్న కిందికి దిగి ఎవరితోనో మాట్లాడుతుంటే, మెట్లు పట్టుకుని ఎగబాకి ఇంజనెక్కి, ఎడమవైపున్న డ్రైవరు సీట్లో కూర్చుంది.

ఎన్నడూ చెయ్యెత్తని నాన్న ఆరోజు చెంప మీద ఒకటిచ్చాడు. "ఇది ఆడుకునే చోటు కాదు. ఇందులో కూర్చున్నోడి చేతిలో అందరి ప్రాణాలుంటాయి," అన్నాడు. షెడ్డులో పద్ధతీ అలాగే ఉండేది. డ్రైవరు టీకి దిగినా సరే, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్లు బొగ్గు కుప్ప మీద చతికిలబడేవాళ్ళే గానీ ఆ సీట్లో కూర్చునేవాళ్ళు కాదు. కూర్చోవద్దని ఎక్కడా రాసిపెట్టలేదు. మంచం మీద తాతగారి దిండులాంటిది అది. తాతగారు ఊళ్ళో లేకపోయినా ఎవరూ తల పెట్టరు.

హార్లన్ నాచ్ సంగతికొస్తే, ఆ రైలు మార్గం చాలా చిన్నది. కనుమకి అవతల దుంగల యార్డు, ఇవతల కాగితం మిల్లు. అవతల దుంగలు ఎక్కించుకుని, కొండెక్కి, కనుమ దాటి, దిగి మిల్లులో అప్పజెప్పాలి. కంపెనీకి ఉన్న ఒక్క డీజిలింజనూ మూడు రోజులు నడిస్తే నాలుగో రోజు పడుకునేది. కొత్తది కొనే స్థోమత లేక, ఎక్కడో మూలపడి ఉన్న పాత ఆవిరి ఇంజన్ని తెచ్చి బాగుచేయించారు. వేసవి ఆదివారాలు టూరిస్టులు, మిగతా రోజులు దుంగలు. మన్ను తిన్న పామునైనా లేపి పని చేయించుకునే రకం ఆ యజమాని.

ఇంజను నడిపేవాడు ఎల్డన్ పైక్ అని, అరవై దాటిన మనిషి. అక్కడ డ్రైవర్ని ఇంజనీరంటారు. ఆ ముక్క విన్న ఆమోసు, "మీ నాన్న బతికుంటే ఇక్కడికి రప్పించేవాళ్ళం కుమారీ, ఇంజనీరుగారి అల్లుణ్ణని చెప్పుకునేవాణ్ణి," అని నెల రోజులు నవ్వించాడు. ఎల్డన్ మాత్రం నవ్వే రకం కాదు, మాట్లాడే రకమూ కాదు. ఊరుకున్నంత ఉత్తమమూ బోడిగుండంత సుఖమూ లేదంటారు. ఆయనకి రెండూ ఉన్నాయి. బొగ్గు మసికి ఒప్పుకునే కుర్రకారు దొరక్క, సెలవు రోజుల్లో వచ్చి ఇంజను తుడుస్తున్న ఈ ఇండియా నర్సుని మొదట చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది పార చేతికిచ్చాడు.

మొదటిసారి ఉత్సాహం పట్టలేక బొగ్గు గుమ్మరించింది. పొయ్యి ఊపిరాడక నల్లటి పొగ కక్కింది, ఆవిరి పడిపోయింది, బండి కొండ మధ్యలో కూలబడింది. ఎల్డన్ పొయ్యిలోకి చూసి, ఆసుపత్రిలో రోగులకి కూడా ఇలాగే తినిపిస్తావా అని అడిగాడు. ఆయన నోట ఆమె విన్న మొదటి హాస్యం అది. తర్వాత నేర్చుకుంది. కొంచెం కొంచెంగా, మంట పలచబడ్డ చోటు చూసి చల్లాలి. భుజాలు పడిపోయేవి, కనుబొమలు కాలేవి. ఇంటికొచ్చి స్నానం చేస్తే నీళ్ళు నల్లగా పోయేవి. అంత సుఖంగా ఎప్పుడూ నిద్రపోలేదని ఆమె తర్వాతెప్పుడో చెప్పుకుంది. బోస్టన్ కూటంలో ఆడవాళ్ళు ఆమె గోళ్ళ సందుల్లో మసి చూసి ఆరాలు తీస్తే, ఆమోసు అడ్డంపడి, "మా ఆవిడకి ఇంట్లో పొయ్యి చాలదండీ," అనేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, సీటు దగ్గరే చిక్కొచ్చింది.

మన ఇంజన్లలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. అమెరికాలో కుడివైపు. ఎడమవైపు సీటు అక్కడ ఫైర్‌మన్‌ది. బొగ్గు వేసి, వెంటనే పోయి ఆ సీట్లో కూర్చుని, కిటికీలోంచి ముందుకు చూడాలి. ఎందుకంటే పట్టాలు ఎడమకి తిరిగినచోట కుడివైపు కూర్చున్నవాడికి పొడుగాటి ఇంజను వీపు తప్ప మరేమీ కనబడదు. ఎడమ మలుపుకి ఎడమవైపు మనిషే కళ్ళు. దారి చూసి "క్లియర్" అని కేకెయ్యాలి.

దేవకుమారికి ఇదంతా తెలుసు. ఎల్డన్ మొదటి రోజే చెప్పాడు, ఆమె తలూపింది కూడా. కానీ కూర్చోలేకపోయింది. చిరిగిన సీటు చూస్తే చాలు, చెంప చురుక్కుమనేది. అది నాన్న సీటు. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు డాక్టర్లని నిలబెట్టి మందలించగల నర్సు, ఆ సీటు ముందు ఎనిమిదేళ్ళ పిల్లయిపోయేది. నిలబడే బొగ్గు వేసేది, నిలబడే ఇంజనుకీ బొగ్గు పెట్టెకీ మధ్య సందులోంచి తొంగిచూసి క్లియర్ అనేది. పొయ్యిని వదిలి కదలడం ఇష్టంలేని మనిషి కాబోలని ఎల్డన్ అనుకున్నాడు. అలా మూడేళ్ళు గడిచిపోయాయి. తప్పు చేస్తూ గట్టెక్కుతున్నంతకాలం అది తప్పులా కనబడదు కదా.

ఎనభై ఒకటి సెప్టెంబరులో రెండ్రోజులు ముసురు పట్టి, మూడో రోజు తెరిపిచ్చింది. నిండా దుంగలతో బండి కొండెక్కుతోంది. కనుమ కింద పెద్ద ఎడమ మలుపుంది. దేవకుమారి పొయ్యి దగ్గర నిలబడి, తలెత్తి సందులోంచి చూసింది. ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. క్లియర్ అంది. ఆ ఆకులు నిలబడి ఉన్న చెట్లవి కావు, పట్టాలకడ్డంగా కూలిన చెట్టువి. ఎల్డన్‌కి కనబడేసరికి అది చక్రాల ముందుంది. బ్రేకు వేశాడు, ఇంజను ముందరి ఇనపచట్రం వంగిపోయింది, ముందు చక్రాలు పట్టా దిగాయి. నెమ్మదిగా ఎక్కుతున్న బండి కాబట్టి మనుషులకి ఏమీ కాలేదు. దిగే బండి అయ్యుంటే ఈ కథ చెప్పుకునే పద్ధతి వేరుగా ఉండేది.

ఎల్డన్ దిగి చూసి, మళ్ళీ ఎక్కి, ఆమెని ఒకటే అడిగాడు, సీట్లో ఎందుకు లేవని. ఏమని చెబుతుంది? ఇది మా నాన్న సీటు అని, పదివేల మైళ్ళ అవతల చనిపోయిన మనిషి గురించి, ఈ అమెరికా ముసలాయనకి ఏ భాషలో చెబుతుంది? చెబితే సాకులా ఉంటుంది. తప్పు నాదే అని మాత్రం అంది. జాకీలు పెట్టి ఇంజన్ని పట్టా ఎక్కించడానికి ఆ రోజంతా పట్టింది. చివర్న ఎల్డన్, ఇకమీదట గూడ్సు బండి ఎక్కొద్దని చెప్పాడు. కేకలేసి చెప్పి ఉంటే కొంత నయంగా ఉండేది.

అక్కడితో మానెయ్యొచ్చు. ఆమోసు అదే అన్నాడు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని. ఆమె మానలేదు. సెలవు రోజుల్లో షెడ్డుకి పోయి బూడిద తోడింది, ఇత్తడి తోమింది, తెల్లారి బండికి కావలసిన బొగ్గు సర్దింది. బండి మాత్రం వేరే కుర్రాళ్ళతో వెళ్ళేది. కనుమలోంచి కూత వినబడినప్పుడల్లా ఆసుపత్రి వరండాలో ఒక్క క్షణం ఆగేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దుంగల బండిని తన నిప్పుతో కొండ దాటించాలి. ఆమె కోరికల్లా అంతే. అడగడానికి మొహం చెల్లలేదు.

ఎనభై మూడు ఆగస్టులో ఎల్డన్ చెయ్యి కాల్చుకుని ఆసుపత్రికొచ్చాడు. ఆవిరి గొట్టమేదో వదులై మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. కట్టు కట్టింది దేవకుమారే. రోజు విడిచి రోజు వచ్చేవాడు, ఆమె పాత కట్టు తీసి కొత్త కట్టు వేసేది, ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. నాలుగో కట్టు రోజున, చేతులు పనిలో ఉండగా, మొహం చూడక్కర్లేదన్న ధైర్యంతో, ఆమె ఆ సీటు సంగతి మొత్తం చెప్పేసింది. బిట్రగుంట, క్యారేజీ, చెంపదెబ్బ, బొగ్గు కుప్ప మీద కూర్చునే ఫైర్‌మన్లు, అన్నీ. క్షమించమని అడగలేదు. సాకు కాదు, కారణం అంతే అంది.

ఎల్డన్ నవ్వుతాడేమోనని ఆమె భయపడింది. నవ్వలేదు.

"ఖాళీగా ఉంచితే మర్యాద అనుకున్నావు డేవా," అన్నాడు. పూర్తి పేరుకి ఆ ఊళ్ళో ఎవరికీ నోరు తిరిగేది కాదు. "ఆ సీటు ఖాళీగా ఉంటే అటువైపు ఎవరూ చూడటం లేదని అర్థం. మీ నాన్న దాన్ని ఖాళీగా ఉండనిచ్చేవాడా?"

దేవకుమారి కట్టు చివర ముడి వేసింది. వేసిన ముడి బాగానే ఉన్నా విప్పి మళ్ళీ వేసింది.

ఆ నెలాఖరుకి మిల్లువాళ్ళు కబురు పెట్టారు. అక్టోబరు తర్వాత దుంగలు లారీల్లో తెప్పించుకుంటాం, రైలు అక్కర్లేదు అని. ఊరు గొల్లుమంది. అంతకాలం పొగ పొగ అని తిట్టుకున్నవాళ్ళు కూడా అయ్యో అన్నారు. ఉన్నప్పుడు ఉసురు పోసుకుని పోయాక వగచడం అన్ని దేశాల్లోనూ ఉంది. అక్టోబరు చివరి గురువారం నడిచే ఆఖరి గూడ్సు మీద వెళ్ళడానికి షెడ్డులో అందరూ పోటీపడ్డారు. దేవకుమారి ఆ పోటీకి పోలేదు, చీపురు పట్టుకుని బూడిద గుంట ఊడ్చుకుంటోంది. ఎల్డన్ గుంట గట్టు మీద నిలబడి, గురువారం ఆసుపత్రికి సెలవు పెట్టుకో అన్నాడు. ఆమె తలెత్తేసరికి వెళ్ళిపోతున్నాడు.

గురువారం ఆకులన్నీ రాలిన కొండ మీద సన్నటి ఎండ ఉంది. దేవకుమారి ఇంజనెక్కి, నాన్న చేసినట్టే చేతులు కట్టుకుని, "ప్రభువా, వెళ్ళి రావడం నీ చేతిలో ఉంది," అని ప్రార్థించింది. పొయ్యి చూసింది, నీళ్ళు చూసింది, ఆవిరి ముల్లు చూసింది. ఇక చూడటానికేమీ మిగల్లేదు. ఎడమవైపు తిరిగింది. చిరిగిన రెక్సిను, లోపల్నుంచి పొడుచుకొచ్చిన స్ప్రింగు. సీటు మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఎల్డన్ తన కిటికీలోంచి అటువైపేదో శ్రద్ధగా చూస్తున్నాడు, అటు చూడటానికేమీ లేకపోయినా.

కూర్చుంది. పిడుగేమీ పడలేదు.

బండి కదిలింది. బొగ్గు వెయ్యడం, కూర్చోవడం, చూడటం, లేవడం, మళ్ళీ బొగ్గు. రెండేళ్ళుగా పొయ్యికి బొగ్గు వెయ్యని భుజాలు అప్పుడే మూలిగాయి. దుంగల బరువుకి ఇంజను రొప్పుతూ ఎక్కుతోంది, ఒక్కో రొప్పు కొండకి తగిలి తిరిగొస్తోంది. పెద్ద ఎడమ మలుపు వచ్చింది. కిటికీలోంచి మెడ సాచింది. తనకి కనబడినంత మేరా పట్టాలు ఖాళీగా, తడిగా మెరుస్తున్నాయి. "క్లియర్" అని అరిచింది. ఎల్డన్ ఆమె మాట మీద ఆవిరి పెంచాడు. ఆయనకి తన వైపునుంచి ఏమీ కనబడటం లేదు, ఆమె చెప్పిందే చూపు. అప్పుడు తెలిసింది ఆమెకి ఆ సీటు బరువు. నాన్న దాన్ని కాపాడుకున్నది అహంకారంతో కాదు.

కనుమ దాటారు. దిగుడు మొదలైంది. ఎక్కడం కంటే దిగడమే కష్టం, వెనక దుంగలు తోసుకొస్తుంటాయి. ఊళ్ళోకి వచ్చేసరికి పట్టాల పొడుగునా జనం. బడిపిల్లల్ని కూడా తీసుకొచ్చారు. చర్చి వెనక రోడ్డు పట్టాల్ని దాటేచోట గేటు లేదు, ఎడమవైపు నుంచి ఒక లారీ వస్తోంది. ఆగుతుందా, ఆగదా? దేవకుమారి కళ్ళు లారీ చక్రాలకి అతుక్కుపోయాయి. లారీ ఆగింది. ఆగిందని ఖాయం చేసుకుని క్లియర్ అని అరిచి, వెంటనే ముందుకు చూసింది. జనం అరుపులు వినబడ్డాయి గానీ మొహాలేవీ ఆమె కంటికి ఆనలేదు.

మిల్లు ముందు ఎల్డన్ కూత తాడు లాగి, చాలాసేపు వదల్లేదు. మిల్లు కూలీలు టోపీలు తీశారు. ఆవిరి కట్టేశాక, పొయ్యి తలుపు తెరిచి లోపలికి ఒకసారి చూసి, నిప్పు బాగుంది అన్నాడు. దేవకుమారి ఏడ్చింది, దాచుకోలేదు. పుట్టినప్పట్నుంచీ తనకి తెలిసిన లోకం అయిపోతున్నది కళ్ళారా చూస్తే ఎవరు మాత్రం ఏడవరు?

ఇంటికి పోయేసరికి లూసీ మెట్ల మీద కూర్చుని ఉంది. ఇంకా స్కూలు కోటు విప్పలేదు. తల్లిని చూసి లేవలేదు.

"నేను చర్చి వెనక ఉన్నా మమ్మీ. ఫ్రంట్‌లో. హోల్ క్లాస్‌కి చెప్పా, అది మా మమ్మీ అని," అంది. "వేవ్ చేశా, చేశా, చేస్తానే ఉన్నా. నువ్వు చూడలా. ఒన్ సెకండ్ కూడా చూడలా."

దేవకుమారి మసి చేతులతోనే ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. లారీ వచ్చిందమ్మా, దాన్ని చూస్తున్నాను అని చెప్పబోయి ఆగింది. తనకి పదమూడేళ్ళప్పటి సంగతి, ఆమోసుకి కూడా చెప్పనిది, నోటికొచ్చింది.

బిట్రగుంటలో వాళ్ళ క్వార్టర్సు పట్టాల పక్కనే. నాన్న బండి వెళ్ళే వేళకి ఆమె రోజూ కంచె దగ్గర నిలబడి చెయ్యూపేది. ఎడమవైపు కిటికీలో నాన్న మొహం స్పష్టంగా కనబడేది. ఒక్కనాడూ తల తిప్పలేదు. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు, మీ నాన్నకి నువ్వు కనబడవా అని. ఒకరోజు కంచె దగ్గరికి పోవడం మానేసింది. ఎందుకు రావడం లేదని నాన్న అడగలేదు. ఆయన పోయేదాకా ఆ కోపం అలాగే ఉంది, ఆ తర్వాత కూడా ఉంది.

లూసీ అంతా విని అంది. "మే బీ చూసుంటాడు మమ్మీ. నీకు తెలీకుండా, సైడ్‌నుంచి."

ఇన్నేళ్ళూ దేవకుమారి తనకి తాను చెప్పుకున్న అబద్ధం అదే.

"లేదమ్మా," అంది. "చూసుండడు. ఆ సీట్లో కూర్చుంటే చూడకూడదు."

"నాకింకా కోపంగానే ఉంది," అంది లూసీ, అంటూనే తల్లి భుజానికి ఆనుకుంది. కోటు మీద మసి అంటింది.

"ఉండనీలేమ్మా," అంది దేవకుమారి. తన కోపం కోసం లోపల వెతుక్కుంటే, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, అది ఎక్కడా దొరకలేదు.